అన్నము ముట్టని బిడ్డ: ఆటిజము గల పిల్లల ఆహారము

తల్లికిని బిడ్డకును నడుమ మొట్టమొదట ఏర్పడు సంబంధము ఆహారసంబంధము. బిడ్డ కడుపునిండ తిన్ననాడు తల్లి తాను తిన్నంత తృప్తి పొందును. బిడ్డ పళ్లెము త్రోసివేసిననాడు ఆమెకు ముద్ద దిగదు. సామాన్యముగా పిల్లలందఱును ఏదో యొక వయస్సున కొన్నాళ్లు మారాము చేసి, పిమ్మట దారికి వచ్చుచుందురు. కాని కొందఱు బిడ్డల విషయమున ఇది కొన్నాళ్ల మారాము కాదు, ఏండ్ల తరబడి సాగు పోరాటము. ఆ బిడ్డలు రెండు మూడు పదార్థములు తప్ప మఱి దేనిని దరి చేరనీయరు. క్రొత్తకూర వాసన తగిలిన ముక్కు మూసికొని లేచిపోవుదురు. అన్నములో ఆవగింజ కనబడిన పళ్లెమంతయు నేలపాలు చేయుదురు. పేరు పెట్టి పిలిచిన పలుకరు, కన్నులలోనికి చూడరు, మాటలు ఆలస్యముగా వచ్చును, లేదా రావు. అట్టి పిల్లలలో పలువురకు గల స్థితినే వైద్యులు ఆటిజము అనుచున్నారు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల యిండ్లలో నైనను, మఱి యే సీమలో నైనను, అట్టి బిడ్డను పెంచు తల్లికి కష్టములు రెండు. మొదటిది బిడ్డ తినకుండుట. రెండవది, తినకుండుటకు ఆమెయే కారణమని పదిమంది అనుట. “గారాబము చేసి చెడగొట్టితివి” అని యొకరు, “రెండు దినములు పస్తుంచిన తానే తినును” అని యింకొకరు, “పాలు మాన్పుము, గోధుమ మాన్పుము, ఈ పొడి వాడుము, మూడు నెలలలో మాటలు వచ్చును” అని మందులమ్మువాడొకడు, తలకొక మాట చెప్పుదురు. వీనిలో నిజమెంత, కల్ల యెంత, మన వంటింట దొరకు వస్తువులతోనే తల్లి చేయదగిన దేమి యను విషయములను సోదరీమణులకు విన్నవించుట యీ వ్యాసము ఉద్దేశము.

ఆటిజము తల్లి దోషము కాదు

ఆటిజము అంటురోగము కాదు, గ్రహదోషము కాదు, పెంపకములోని లోపమును కాదు. అది మెదడు పెరుగుదలలో మొదటినుండియు గల యొక భేదము. 1943వ సంవత్సరమున అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు 11 మంది బిడ్డల వృత్తాంతములను ప్రకటించి దీనిని లోకమునకు తెలిపెను. ఆ తొలి వ్రాతలోనే భోజనపు చిక్కు కానవచ్చుచున్నది. వారిలో మొదటివాడగు డోనాల్డ్ అను బాలునకు తిండిపై ఆసక్తి లేదనియు, అతనిచే తినిపించుట యెప్పుడును కష్టమే యనియు తండ్రి వైద్యునకు తెలిపెను. ఆ బాలుడే పెద్దవాడై, బ్యాంకులో ఉద్యోగము చేసి, దేశములు తిరిగి, 2023లో 89 ఏండ్ల వయస్సున మరణించెను. కావున నేడు పెరుగన్నము తప్ప ముట్టని బిడ్డను చూచి దాని బ్రతుకంతయు ఇంతే యని నిరాశపడ నవసరము లేదు.

తల్లుల ప్రేమ చాలకపోవుటచే ఆటిజము వచ్చునని ఒక కాలమున పెద్ద వైద్యులే చెప్పిరి. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ అను నతడు గ్రంథమునే వ్రాసి యామాట ప్రచారము చేసెను. అంతకు మూడేండ్ల ముందే, 1964లో, ఆటిజము గల కుమారుని తండ్రియైన బెర్నార్డ్ రిమ్లండ్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు దానిని ఖండించి యుండెను. 1977లో ఇంగ్లండున 21 జతల కవలపిల్లలను పరిశీలించి, ఇది చాలవఱకు పుట్టుకతో వచ్చు లక్షణమని ఫోల్‌స్టీన్, రట్టర్ అను నిద్దఱు నిరూపించిరి. టీకాల వలన వచ్చునని 1998లో 12 మంది పిల్లలను చూపి వేక్‌ఫీల్డ్ అను వైద్యుడు ప్రకటించిన వ్యాసమును, దానిని అచ్చువేసిన లాన్సెట్ పత్రికయే 2010లో రద్దు చేసినది. ప్రపంచారోగ్యసంస్థ లెక్క ప్రకారము 2021లో లోకమున సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజము కలదు. ఇన్ని యిండ్లలో నున్న స్థితికి ఒక్కొక్క యింటి తల్లిని నిందించుట న్యాయము కాదు.

బిడ్డ ఏల తినదు?

తినకపోవుట మొండితనమని యెంచినంత కాలము దారి దొరకదు. కారణము తెలిసికొనవలెను.

మొదటి కారణము ఇంద్రియముల తీవ్రత. మనకు ఇంపుగా నుండు పోపువాసన ఆ బిడ్డకు ముక్కులో పొగవలె నుండవచ్చును. వంకాయ జిగట, బెండకాయ జాఱుడు, పప్పులోని తొక్క నాలుకకు ముల్లువలె తోచవచ్చును. కొందఱు మెత్తనివే తిందురు. కొందఱు కఱకఱలాడునవే తిందురు. ఒకే రంగువి తినువారును కలరు. తెల్లన్నము, పెరుగు, బొరుగులు, ఇడ్లీ మాత్రమే తిను బిడ్డ రుచిని కాదు, తెలుపునే యెన్నుకొనుచుండవచ్చును.

రెండవది, మార్పు గిట్టకపోవుట. అదే పళ్లెము, అదే చోటు, అదే సంస్థ వారి బిస్కత్తు కావలెను. పొట్లముపై బొమ్మ మాఱినను ముట్టదు. బిస్కత్తు విఱిగియున్న అది వేఱొక వస్తువే యని తలచును.

మూడవది, శరీరబాధ. ఆటిజము గల పిల్లలలో మలబద్ధము, అతిసారము, కడుపునొప్పి యితర పిల్లలకంటె సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా కనబడుచున్నవని 2014లో పలు పరిశోధనలను కలిపి చూచినవారు తేల్చిరి. మాటలు రాని బిడ్డ పంటినొప్పిని, గొంతుమంటను, కడుపునొప్పిని ఏ విధమున చెప్పగలదు? అన్నము త్రోసివేయుటయే దాని మాట.

నాలుగవది, నమలుట, మ్రింగుట బాగుగ రాకపోవుట. ఐదవది మందులు. కోపము తగ్గుటకిచ్చు రిస్పెరిడోన్ అను మందు ఆకలిని పెంచి బరువు పెంచును. చురుకు తగ్గించుటకిచ్చు మిథైల్‌ఫెనిడేట్ ఆకలిని చంపును. అట్టి మందులు వాడు బిడ్డ తిండి మాఱినచో ఆ సంగతి వైద్యునకు చెప్పవలెను గాని, తమంత తామే మందు మానరాదు.

“పస్తుంచిన తానే తినును” అను సలహా యిందుచేతనే ప్రమాదకరము. సామాన్యపు బిడ్డ ఆకలికి లొంగును. ఈ బిడ్డలలో కొందఱు నీరసించి సొమ్మసిల్లుదురే గాని తమకు పడనిదానిని నోట పెట్టరు.

బరువున్నంత మాత్రమున పోషణమున్నట్లు కాదు

2013లో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయము వారు పూర్వపు పరిశోధనల నన్నిటిని సమకూర్చి చూడగా, ఆటిజము గల పిల్లలకు భోజనపు చిక్కులు ఇతర పిల్లలకంటె సుమారు ఐదు రెట్లు ఎక్కువగా నుండుటయు, వారికి కాల్షియమును మాంసకృత్తులును తక్కువగా నందుటయు తేలినది. ఆ బిడ్డలు చూపునకు బొద్దుగానే యుండవచ్చును. బిస్కత్తులు, మురుకులు, తెల్లన్నము బరువునిచ్చును. ఎముకకు, రక్తమునకు, కంటికి కావలసినది ఇయ్యవు.

పూర్వము నెలల తరబడి సముద్రయానము చేయు నావికులకు వచ్చిన స్కర్వీ వ్యాధి యీ కాలమున మరల ఇట్టి బిడ్డలలో కనబడుచున్నదని వైద్యపత్రికలలో పలుమారులు వచ్చినది. బిడ్డ యకస్మాత్తుగా నడువనని యేడ్చును, కాళ్లు ముట్టనీయదు, చిగుళ్లనుండి రక్తము కాఱును. ఎముకరోగమని, కీళ్లరోగమని ఎన్నో పరీక్షలు చేసిన పిమ్మట, ఏండ్లుగా పండుముక్క గాని కూరగాయ గాని నోటికి పోలేదని తెలియును. కొఱత సి విటమినుది. విటమిను ఇచ్చుటతోనే బిడ్డ త్వరలో కోలుకొనును. చీనీతోటలకు పేరుపొందిన పులివెందుల ప్రాంతమున ఏ బిడ్డకును ఇట్టి యవస్థ రానక్కఱలేదు. చీనీరసము పడని బిడ్డకు నిమ్మరసమో, ఉసిరికాయో, జామపండో ఏదో యొక రూపమున చేరిన చాలును. అట్లే ఏండ్ల తరబడి ఎ విటమిను అందక కంటిచూపు చెడిన బిడ్డల వృత్తాంతములును కలవు. మునగాకు, బొప్పాయి, మామిడి, కారెట్టు, గ్రుడ్డులోని పచ్చసొన యిందుకు మంచివి.

పథ్యముల బేరము

ఇక నేడు తల్లులను మిక్కిలి కలవరపెట్టు విషయమునకు వత్తము. గోధుమలోని గ్లూటెను, పాలలోని కేసీను అను మాంసకృత్తులు సరిగా జీర్ణముకాక, నల్లమందు వంటి పదార్థములుగా మాఱి, ప్రేవులనుండి రక్తములోనికి, అచటినుండి మెదడునకు పోయి ఆటిజమును కలిగించు నని యొక వాదము కలదు. 1979లో జాక్ పాంక్సెప్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు నల్లమందు వంటి పదార్థములకును ఆటిజమునకును సంబంధముండవచ్చునని సూచింపగా, తరువాతివారు దానిని ఆహారమునకు ముడిపెట్టిరి. ఆ రెండును మాన్పు పథ్యము నాటినుండి దేశదేశముల వ్యాపించినది.

దీనిని పరీక్షించినవారేమి కనుగొనిరి? అమెరికాలోని రోచెస్టరు విశ్వవిద్యాలయమున సూసన్ హైమన్ అను వైద్యురాలు 3 మొదలు 5 ఏండ్ల వఱకు గల 14 మంది బిడ్డలను ఈ పథ్యములో నుంచి, పిమ్మట తల్లిదండ్రులకు గాని పరీక్షకులకు గాని తెలియకుండ కొన్ని దినములు గోధుమ, కొన్ని దినములు పాలు, కొన్ని దినములు రెండును, కొన్ని దినములు ఏదియు లేని తినుబండారమును ఇప్పించి చూచినది. నడవడిలో గాని, నిద్రలో గాని, విరేచనములలో గాని భేదము కానరాలేదు. ఆ ఫలితములు 2016లో అచ్చయినవి. బిడ్డలు కొద్దిమందియే, అయినను పరీక్ష జాగ్రత్తగా జరిగినది. ఇంగ్లండు ప్రభుత్వమునకు వైద్యవిషయముల సలహా యిచ్చు నైస్ అను సంస్థ, ఆటిజపు ముఖ్యలక్షణములకై గ్లూటెను, కేసీను మాన్పు పథ్యములను వాడరాదని 2013లోనే వ్రాసినది.

పథ్యము పనిచేయకపోయినను హాని యేమి యని కొందఱందురు. హాని కలదు. 2008లో 4 మొదలు 8 ఏండ్ల వఱకు గల 75 మంది ఆటిజపు బాలుర చేతి యెముకలను పరీక్షింపగా, అవి ఉండవలసినదానికంటె పలుచగా నుండెను. పాలు మాన్పిన బాలురలో ఆ లోటు మఱింత హెచ్చుగా నుండెను. మన యిండ్ల సంగతి యోచింపుడు. బిడ్డ తినునది పెరుగన్నమొక్కటే. అందులో పెరుగు తీసివేసిన మిగులునది తెల్లన్నము. ఉన్న యొక్క ఆధారమును తీసివేసి, దాని స్థానమున బిడ్డ ముట్టనిదానిని చూపుట పథ్యమగునా?

ఒక్క మాట మఱువరాదు. సీలియాక్ అను ప్రేవుల రోగమున్న వారికి గోధుమ నిజముగనే విషము. పాలు పడక దద్దురులు, వాంతులు, రక్తవిరేచనములు అగు బిడ్డలును కలరు. అది రక్తపరీక్షచేతను, వైద్యుని పరీక్షచేతను తేల్చుకొనవలసినది. సీలియాక్ పరీక్షకు ముందు గోధుమ మాన్పినచో ఫలితము సరిగా తెలియదు. కావున పరీక్ష ముందు, పథ్యము తరువాత.

పథ్యముకంటె భయంకరమైనవియు కొన్ని కలవు. దేహములోని పాదరసమును, సీసమును తీసివేయుదు మని సూదిమందు లెక్కించు పద్ధతియొకటి కలదు. 2005లో అమెరికాలో ఐదేండ్ల ఆటిజపు బాలుడు ఆ చికిత్సలోనే మరణించెను. డి విటమినును వైద్యుని లెక్క లేక మాటిమాటికి ఇచ్చిన, రక్తమున కాల్షియము మితిమీఱి మూత్రపిండములు చెడును. బంగారు వ్యాపారమునకు రాష్ట్రమంతట పేరుపొందిన ఊరు ప్రొద్దుటూరు. తల్లి మెడలోని గొలుసు తాకట్టునకు పోయి పొడులడబ్బాలు ఇంటికి వచ్చుట యెంత అన్యాయము! ఆటిజమును మాన్పు ఆహారము గాని పొడి గాని యింతవఱకు లేదు. ఆహారము చేయగల మేలు వేఱు: బిడ్డకు బలమునిచ్చును, కడుపునొప్పి తగ్గించును, నిద్ర పట్టించును. ఆ బలముతో బిడ్డ నేర్చుకొనగలదు. అది తక్కువ మేలు కాదు.

మన సీమ పంటలు

పట్టణములలో గ్లూటెను లేని పిండి యని పొట్లములు కట్టి యధికమైన వెలకు అమ్ముచున్నారు. రాగులు, జొన్నలు, సజ్జలు, కొఱ్ఱలు, బియ్యము, వీనిలో దేనియందును గ్లూటెను లేదు. మన పెద్దలు తరతరములుగా తిన్న సంగటి, జొన్నరొట్టె, కొఱ్ఱన్నము అట్టివే. వీనిని గోధుమకు భయపడి కాదు, వీని గుణమును బట్టి తినవలెను.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ననుసరించి 100 గ్రాముల రాగులలో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. మరపట్టిన బియ్యమున 10 మిల్లీగ్రాములైనను లేదు. ఆవుపాలలో 100 గ్రాములకు సుమారు 118 మిల్లీగ్రాములు. మునగాకులో 300కు పైగా, నువ్వులలో 1,000కి పైగా కలదు. సజ్జలలో ఇనుము 6 మిల్లీగ్రాములకు పైగా నుండును. శెనక్కాయ పప్పులలో నాలుగవ వంతుకు దగ్గఱగా మాంసకృత్తులే. ఒక కోడిగ్రుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు కలవు. బి12 అను విటమిను మాత్రము ధాన్యములలో దొరకదు. పాలు, పెరుగు, గ్రుడ్డు, మాంసము, చేపలే దానికి మూలములు. శాకాహారులగు వారి యింట బిడ్డకు పాలు మాన్పుట ఇందుచేత మఱింత చేటు.

రాగులను నానబెట్టి, మూటగట్టి, మొలకలెత్తించి, ఎండబెట్టి విసిరిన పిండి మేలు. మొలకెత్తుటచే అందలి కాల్షియము, ఇనుము ఒంటికి ఎక్కువగా పట్టును. ఇనుమున్న ఆహారముతో నిమ్మరసము చేర్చిన మంచిది; టీ చేర్చిన చేటు. బిడ్డకు ఉదయమున టీలో బిస్కత్తు ముంచి యిచ్చు అలవాటు అనేక గృహముల కలదు. టీ ఇనుమును ఒంటికి పట్టనీయదు, ఆకలిని చంపును. దానిని క్రమముగా పాలు కలిపి పలుచన చేసి మాన్పవలెను.

అలవాటు చేయు విధము

ముందుగా ఒక వారముపాటు బిడ్డ నోటికి పోయిన ప్రతి వస్తువును నోటుపుస్తకమున వ్రాయుడు: ఏమి, ఎంత, ఏ వేళ, ఏ రూపమున, విరేచనము అయినదా లేదా. ఆ పుస్తకమును చూచినచో బిడ్డ యేల కొన్ని తినుచున్నదో తల్లికే తెలియును. వైద్యునకును అదియే సాక్ష్యము.

ఇప్పుడు తినుచున్న వస్తువులను తీసివేయకుడు. వానిపక్కనే మెట్లు కట్టవలెను. మన సంగటియే యిందుకు చక్కని యుదాహరణము. తెల్లన్నము తిను బిడ్డకు ముందు అన్నమును మెత్తగా వండి, ముద్దగా చేసి పెట్టుడు. అది అలవడిన పిమ్మట, ఒక గిన్నె యన్నమునకు పావుచెంచా రాగిపిండి చొప్పున చేర్చి వండుడు. రంగు మాఱినట్లే కనబడదు. వారము, పది దినములు గడచిన పిమ్మట అరచెంచా, తరువాత చెంచా. ఇట్లు తెలుపునుండి బూడిదరంగునకు, అచటినుండి రాగిరంగునకు రెండు మూడు నెలలలో చేరవచ్చును. బిడ్డ ఎదురు తిరిగినచో ఒక మెట్టు వెనుకకు దిగుడు. అది ఓటమి కాదు.

కఱకఱలాడునవి కోరు బిడ్డకు వేఱొక మెట్టు. బిస్కత్తునుండి రాగిబిస్కత్తునకు, దానినుండి పెనముమీద పెళుసుగా కాల్చిన పలుచని జొన్నరొట్టె ముక్కకు, అటనుండి బెల్లము తక్కువ వేసి చేసిన శెనక్కాయ పొడి యుండకు. నాలుగైదేండ్లు నిండని బిడ్డకు గాని, సరిగా నమలని బిడ్డకు గాని శెనక్కాయ గింజలను గింజలుగా ఇయ్యరాదు, గొంతున అడ్డుపడును. పొడిగొట్టి గాని, మెత్తగా నూఱి గాని ఇయ్యవలెను.

ఇచట నొక హెచ్చరిక. బిడ్డ తినుచున్న పెరుగన్నములో తెలియకుండ ఆకుకూర దాచి పెట్టుట తల్లులు తఱచుగా చేయు పని. బిడ్డ నాలుక దానిని పసిగట్టినచో ఆ పెరుగన్నమును కూడ శాశ్వతముగా విడిచివేయవచ్చును. ఉన్న యొక్కటియు పోవును. కావున మార్పు కొంచెముగా నుండవలెను. క్రొత్త వస్తువును వేఱొక చిన్నగిన్నెలో ప్రక్కన నుంచుట మేలు.

క్రొత్త వస్తువును తినుట ఒక్కసారిగా జరుగు పని కాదు. మొదట అది గదిలో నుండుట సహించవలెను. పిమ్మట పళ్లెము ప్రక్కన. పిమ్మట వ్రేలితో ముట్టుట, వాసన చూచుట, పెదవికి తగిలించుట, నాలుకపై నుంచి ఉమియుట. ఉమిసినను కోపపడకుడు, అదియు నొక మెట్టే. సామాన్యపు పిల్లలకే క్రొత్త రుచి పది పదిహేను మారులు చూచినగాని అలవడదు. వీరికి అంతకు మించి పట్టును. శెనక్కాయలు వలచుట, మునగాకు దూయుట, రాగిపిండి కలుపుట, సంగటిముద్ద చేయుట వంటి పనులు బిడ్డచే చేయింపుడు. చేతికి అలవడినది నోటికి తొందరగా అలవడును.

వేళలు ముఖ్యము. దినమునకు మూడు భోజనములు, నడుమ రెండు ఫలహారములు. ఆ నడుమ మంచినీరు తప్ప మఱేమియు వద్దు. ఎల్లప్పుడు చేతిలో మురుకులున్న బిడ్డకు ఆకలి యెట్లు పుట్టును? ఒక్కొక్క భోజనము అరగంటకు మించరాదు. బలవంతముగా నోరు తెఱచి కుక్కుట, ముక్కు మూయుట, కొట్టుట ఎన్నడును చేయరాదు. బిడ్డకు గొంతున పడు ప్రమాదముతోపాటు జీవితమంతయు అన్నమన్న భయము మిగులును. సెల్‌ఫోను చూపుచు తినిపించు అలవాటున్నచో దానిని ఒక్కదినమున లాగివేయక, మొదట ధ్వని తగ్గించి, పిమ్మట కొన్ని ముద్దల వఱకు ఆపి, మెల్లగా మాన్పవలెను. మన సీమలో కారము హెచ్చు. పప్పునకు, కూరకు కారము వేయకమునుపే బిడ్డ వంతు తీసి వేఱుగా నుంచుట మఱువకుడు.

మలబద్ధము, మన్ను తినుట

మూడు నాలుగు దినములకొకమారు గట్టిగా విరేచనమగు బిడ్డ అన్నము తినదు, నిద్రపోదు, తల గోడకు కొట్టుకొనవచ్చును. దానిని మొండితన మనుకొందుము. ఎండలు మండు కడప సీమలో నీరు చాలకపోవుటయు ఇందుకు కారణమే. మంచినీరు, మజ్జిగ, పలుచని రాగిజావ తఱచుగా ఇయ్యవలెను. పండ్లు, అలసందలు, పెసలు, గెనుసుగడ్డలు, బిడ్డకు పడినంత. భోజనమైన పిమ్మట నిత్యము ఒకే వేళ మరుగుదొడ్డిలో కొంతసేపు కూర్చుండబెట్టుడు; పాదములు ఆనుటకు పీట వేయుడు. అప్పటికిని తగ్గనిచో వైద్యుడిచ్చు మందు కొన్ని నెలలు వాడవలసి యుండును. ఆముదముతో చికిత్స చేసి కూర్చుండరాదు.

మన్ను, సుద్ద, గోడసున్నము, రంగుపెచ్చులు తిను అలవాటు ఈ బిడ్డలలో ఎక్కువ. రక్తములో ఇనుము తక్కువై అట్లు చేయవచ్చును, పాతరంగులలోని సీసము కడుపులోనికి పోవచ్చును, నులిపురుగులు చేరవచ్చును. తిట్టిన మానదు. రక్తపరీక్ష చేయించి ఇనుము లెక్క చూపించుకొనవలెను. బడులలోను అంగన్‌వాడీలలోను ఫిబ్రవరి 10న నులిపురుగుల మాత్ర లిచ్చుట 2015 నుండి దేశమున నడచుచున్నది. ఈ బిడ్డలకు అది తప్పిపోకుండ చూచుకొనవలెను.

ఎవరి సాయము కోరవలెను?

ఏడాది నిండినను పేరునకు పలుకని బిడ్డను, ఏడాదిన్నర నిండినను వ్రేలితో దేనిని చూపని బిడ్డను, వచ్చిన మాటలు పోగొట్టుకొన్న బిడ్డను “నాలుగేండ్లకు తానే మాటాడును” అని యింట నుంచుకొనరాదు. ముందు చెవులు పరీక్ష చేయింపుడు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమమున పుట్టుక మొదలు 18 ఏండ్ల వఱకు పిల్లలకు ఎదుగుదల పరీక్షలు ఉచితము. అంగన్‌వాడీ కార్యకర్తను గాని, ఆశా కార్యకర్తను గాని అడిగిన దారి చెప్పుదురు. సమగ్రశిక్ష వారి భవిత కేంద్రములు మండలములలో కలవు. ఇట్టి పిల్లల శిక్షణకై 1984లో సికిందరాబాదున కేంద్రప్రభుత్వము స్థాపించిన జాతీయసంస్థయు కలదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును స్పష్టముగ పేర్కొన్నది. 40 శాతమునకు తక్కువ కాని ధ్రువపత్రమున్న వారికి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2024 జూలైలో పింఛను 6,000 రూపాయలకు పెంచినది. నేషనల్ ట్రస్టు వారి నిరామయ పథకమున లక్ష రూపాయల వఱకు వైద్యభీమా కలదు. మందులమ్మువాని చేతికి సొమ్మిచ్చుటకు ముందు ఈ గుమ్మములు త్రొక్కుడు.

బరువు తగ్గుచున్నను, నడచుటకు ఏడ్చుచున్నను, చిగుళ్లు కాఱుచున్నను, రాత్రివేళ చూపు తగ్గినట్లు తోచినను, మ్రింగునపుడు పొలమాఱుచున్నను, తిను వస్తువుల సంఖ్య నెలనెలకు తఱుగుచున్నను ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను. అట్టి బిడ్డకు విటమినులు మందురూపమున కొంతకాలము కావలసి యుండును. అవి వైద్యుని లెక్కప్రకారమే ఇయ్యవలెను.

బడికి పోవు బిడ్డకు మధ్యాహ్నభోజనమున గ్రుడ్డు, శెనక్కాయ చిక్కి ఇచ్చుచున్నారు. 2023 మార్చిలో రాగిజావయు చేర్చిరి. ఉపాధ్యాయురాలితో ముందుగా మాట్లాడి, బిడ్డకు రద్దీలేని మూల, ఇంటి పళ్లెము, కొంచెము ఎక్కువ సమయము కోరిన కాదనువారు తక్కువ.

చివరకు ఇంటి పెద్దలకును బంధువులకును ఒక మాట. ప్రొద్దుటూరు దసరా ఉత్సవమున గాని, పెండ్లిపంక్తిలో గాని, చెవులు మూసికొని ఏడ్చుచు విస్తరిని త్రోసివేయు బిడ్డను చూచినపుడు తల్లికి నీతులు చెప్పకుడు. ఆ బిడ్డ తిను వస్తువేదో అడిగి అది తెచ్చి పెట్టుడు. లేకున్న, ఆమె బిడ్డను కొంతసేపు మీరెత్తుకొని, ఆమెను కూర్చుండబెట్టి నాలుగు ముద్దలు తిననిండు. ఇట్టి బిడ్డను పెంచు తల్లి వేడిగా భుజించి ఎన్ని దినములైనదో!